క్లబ్బు ఎవరిది, కుర్రాడు ఎవరివాడు

ఫుట్‌బాల్ క్లబ్బు ఎవరిది అని అడిగితే చట్టం తడుముకోకుండా జవాబిస్తుంది: వాటాలు ఎవరి పేరున ఉంటే వాళ్లది. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు ఈ లెక్కన అంతా సక్రమంగానే జరిగింది. ఆ సొమ్ములో సగానికి మించి అప్పు తెచ్చిందే. అందులో పెద్ద భాగం క్లబ్బు నెత్తినే పడింది. అంటే తనను కొనడానికి ఎవరో చేసిన బాకీకి క్లబ్బు తనే ఏటా వడ్డీ కట్టుకుంటూ వచ్చింది. చట్టం దీన్ని తప్పుపట్టలేదు. అభిమానులు పట్టారు. కొందరు ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి వెళ్లడమే మానేసి, అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే చిన్న క్లబ్బును సొంతంగా పెట్టుకున్నారు. మిగిలినవాళ్లలో వేలమంది 2010లో ఎర్ర కండువాలు తీసేసి, ఆకుపచ్చ, బంగారు రంగుల కండువాలు మెడలో వేసుకుని మ్యాచ్‌లకు వచ్చారు. క్లబ్బు మాది, మీరు దాన్ని పీల్చేస్తున్నారు అన్నది వాళ్ల ఆరోపణ. ఆ హక్కుకు ఏ దస్తావేజులోనూ ఆధారం లేదు. మరి అది ఒట్టి ఆవేశమా, లేక చట్టానికి ఇంకా చేతకాని ఒక నిజమైన హక్కా?

ఇది తేలాలంటే క్లబ్బు అంటే ఏమిటో ముందు తేలాలి. 1878లో మాంచెస్టర్ రైల్వే కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో ఒక జట్టు పెట్టారు. ఆకుపచ్చ, బంగారు రంగులు వాళ్లవే. 1902లో ఆ జట్టు దివాలా అంచుకు చేరితే జాన్ హెన్రీ డేవీస్ అనే బీరు వ్యాపారి ఆదుకున్నాడు. పేరు మారింది, చొక్కా రంగు మారింది. 1910లో మైదానం మారింది. 1941లో జర్మన్ బాంబులు ఆ మైదానాన్ని పాడుచేస్తే 1949 దాకా బద్ధ ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ మైదానంలో ఆడాల్సి వచ్చింది. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది ఆటగాళ్లు. పేరు, రంగు, చోటు, మనుషులు అన్నీ మారాక కూడా ఇది అదే క్లబ్బని అందరూ ఒప్పుకుంటారు. ఏ ఆధారంతో?

మిలింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగిన ప్రశ్న ఇలాంటిదే. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదని రాజు చేతనే చెప్పించి, భాగాల వెనక దాగిన రథమంటూ వేరే ఏదీ లేదని తేలుస్తాడు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీనికి ఒప్పుకోరు. భాగాలు వేరు, వాటిలో ఉండే అవయవి, అంటే మొత్తం వస్తువు, వేరు అంటారు. అయితే వాళ్ల సిద్ధాంతం ఇక్కడ ఎక్కువ దూరం రాదు. ఒక్క దారం లాగినా పాత వస్త్రం నశించి కొత్త వస్త్రం పుడుతుందన్నది వాళ్ల లెక్క. అలా చూస్తే యునైటెడ్ ఈ నూటయాభై ఏళ్లలో ఎన్నిసార్లు చచ్చి పుట్టిందో చెప్పడం కష్టం. నాగసేనుడే మరోచోట ఇచ్చిన సమాధానం ఇక్కడ నప్పుతుంది: మొదటి జామున వెలిగిన దీపజ్వాల, చివరి జామున వెలిగే జ్వాల ఒకటే కావు, వేరూ కావు, ఒకదాని నుంచి మరొకటి అందుకుంటూ సాగే ధార మాత్రం ఉంది. క్లబ్బును వస్తువుగా కాక ధారగా చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ధార అన్నాక దాన్ని మోసుకొచ్చేవాళ్లు ఉండాలి. మొదట అభిమానులు. తండ్రి పిల్లవాణ్ణి స్టాండ్‌కు తీసుకెళ్తాడు, ఆ పిల్లవాడు తన పిల్లల్ని తీసుకెళ్తాడు. వాటాదారులు అమ్ముకుని వెళ్లిపోతారు, మేనేజర్లు ఉద్యోగం ఊడి వెళ్లిపోతారు. ఓడినా కదలకుండా కూర్చునేది వీళ్లే. రెండోవాళ్లు క్లబ్బులోనే పెరిగిన కుర్రాళ్లు. 1937 అక్టోబరు నుంచి యునైటెడ్ ఆడిన ప్రతి మ్యాచ్‌కూ సొంత శిక్షణలో ఎదిగిన ఆటగాడు ఒక్కడైనా జట్టులో ఉంటూ వచ్చాడు. 2019 డిసెంబరుకు ఆ వరుస 4,000 మ్యాచ్‌లు దాటింది. కప్పుల జాబితా కంటే దీన్నే ఎక్కువగా చెప్పుకునే అభిమానులు ఉన్నారు, అది అర్థంలేని గొప్ప కాదు.

ధార తెగితే ఏమవుతుందో వింబుల్డన్ చూపించింది. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన ఈ దక్షిణ లండన్ క్లబ్బును యజమానులు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించాలనుకున్నారు. 2002 మేలో ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమించిన సంఘం అందుకు అనుమతి ఇచ్చింది. అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరిట కొత్త క్లబ్బు పెట్టారు. వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసుకుని, తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి, 2011లో ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. లైసెన్సు, ఆటగాళ్లు, ఒప్పందాలు మిల్టన్ కీన్స్‌కు వెళ్లాయి. కానీ 2007లో ఆ క్లబ్బే పాత వింబుల్డన్ గెలిచిన కప్పులు, గౌరవాలు తనవి కావని ఒప్పుకుని వాటిని వింబుల్డన్ ఉన్న మెర్టన్ పురపాలక ప్రాంతానికి అప్పగించింది. ఆస్తి ఒకచోట, వారసత్వం మరోచోట ఉండగలవని ఇంతకంటే స్పష్టంగా చూపిన సంఘటన ఫుట్‌బాల్ చరిత్రలో లేదు.

ఆస్తి పట్టాతో తేలని ఇలాంటి తగాదా భారత న్యాయచరిత్రకు కొత్తేమీ కాదు. కలకత్తాలో మల్లిక్ కుటుంబం తమ కులదైవాన్ని వంతులవారీగా అర్చించేది. తన వంతు వచ్చినప్పుడు విగ్రహాన్ని తన ఇంటికి తీసుకుపోతానని ఒకరు పట్టుబట్టారు. తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1925లో వచ్చిన తీర్పు ప్రకారం దేవుడు చట్టం దృష్టిలో వ్యక్తి. అర్చన బాధ్యత ఉన్నవాడు విగ్రహాన్ని ఇంట్లో సామానులా ఇష్టమొచ్చిన చోటికి జరపడానికి లేదు. దేవుడు ఎక్కడ ఉండాలన్న విషయంలో దేవుడి ఇచ్ఛను కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఆ ఇచ్ఛను వినిపించడానికి ఏ పక్షానికీ చెందని ఒక ప్రతినిధిని కోర్టు నియమించాలి. 2002లో వింబుల్డన్ తరలింపుకు అనుమతిచ్చిన సంఘానికి ఈ పాత తీర్పు గుర్తొచ్చి ఉండదు, గుర్తు రావాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. అయినా రెండు తగాదాల్లోనూ ఇరుసు ఒకటే: నిర్వహించే అధికారం ఉన్నంత మాత్రాన ఎత్తుకుపోయే అధికారం ఉన్నట్టు కాదు.

తెలుగువాళ్లకు ఈ ఊహ కోర్టుల కంటే ముందే తెలుసు. ధర్మకర్త గుడికి యజమాని కాడు. దేవుడి మాన్యం మీద వచ్చిన పంటను లెక్క చెప్పి ఖర్చు పెట్టగలడు, మాన్యాన్ని తాకట్టు పెట్టి సొంత ఇల్లు కట్టుకోలేడు. కట్టుకున్నవాళ్లు లేకపోలేదు గాని, ఊళ్లో దాన్ని వ్యాపారం అనలేదు, దొంగతనమే అన్నారు. గ్లేజర్ల మీద మాంచెస్టర్ అభిమానుల కోపం సరిగ్గా ఇదే. వాళ్లు ధనవంతులైనందుకు కాదు, ధర్మకర్త స్థానంలో కూర్చుని యజమానిలా ప్రవర్తించినందుకు.

ఇంతవరకు వాదన అభిమానుల వైపే మొగ్గుతుంది. అయితే దేవుడి తరఫున మాట్లాడే ఆ ప్రతినిధి ఏ పక్షానికీ చెందకూడదు కదా. క్లబ్బు తరఫున మాట్లాడే అభిమానికి ఆ నిష్పాక్షికత ఉందా? లీడ్స్ యునైటెడ్ కథ చూస్తే అనుమానమే. ఈ శతాబ్దం మొదట్లో ఆ క్లబ్బు రాబోయే ఏళ్ల టికెట్ల ఆదాయాన్ని హామీగా పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చి ఆటగాళ్లను కొన్నది. 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడింది. అప్పుడు స్టాండ్లలో లెక్కలు అడిగిన గొంతులు ఎన్నో లేవు. ఆ మరుసటి సీజన్లలో చాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కక ఆదాయం పడిపోయింది. 2002లో రియో ఫెర్డినాండ్, ఆ తర్వాత సొంతంగా పెంచుకున్న జొనాథన్ వుడ్‌గేట్, అలన్ స్మిత్ ఒకరి తర్వాత ఒకరు అమ్ముడుపోయారు. 2004లో క్లబ్బు ప్రీమియర్ లీగ్ నుంచి, 2007లో రెండో అంచె నుంచి కూడా దిగజారింది. ఇవాళ్టి గెలుపు కోసం రేపటి అభిమాని జేబు కొట్టడానికి ఇవాళ్టి అభిమాని అడ్డు చెప్పలేదు. ధారలో పోయినవాళ్లూ, ఇంకా పుట్టనివాళ్లూ భాగస్వాములే అయితే, ఈ శనివారం స్టేడియంలో ఉన్నవాళ్ల కేకలే ధార గొంతు అనలేం.

అభిమానుల చేతికే పగ్గాలు ఇచ్చిన చోట ఫలితం మిశ్రమంగా ఉంది. జర్మనీలో 1998 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం సగం ఓట్లు, పైన ఇంకో ఓటు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. బేయర్ కంపెనీ చేతిలోని లేవర్కూసెన్, ఫోక్స్‌వాగన్ చేతిలోని వోల్ఫ్స్‌బర్గ్ లాంటివి మినహాయింపులు. 2024 ఫిబ్రవరిలో జర్మన్ లీగ్ ప్రసార ఆదాయంలో కొంత వాటాను పెట్టుబడి సంస్థకు ఇచ్చే ఆలోచనను, అభిమానులు వారాల తరబడి మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరాక, మానుకుంది. ఇది సభ్యుల పాలనకు అనుకూలమైన సాక్ష్యం. బార్సిలోనా దానికి ఎదురు సాక్ష్యం. అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది లక్షకు పైగా ఉన్న సభ్యులే. అయినా 2021 ఆగస్టు నాటికి అప్పులు 135 కోట్ల యూరోలకు చేరాయని కొత్త అధ్యక్షుడు లపోర్తా ప్రకటించాడు. పదమూడో ఏట నుంచి అక్కడే పెరిగిన మెస్సీని స్పానిష్ లీగ్ జీతాల పరిమితి వల్ల నిలుపుకోలేక కన్నీళ్లతో సాగనంపారు. బయటి యజమాని లేకపోయినా క్లబ్బు దోపిడీకి గురికావచ్చు. గెలవాలన్న తొందర ఒక్కటి చాలు. ఇంగ్లండ్ మూడో దారి పట్టింది: యజమాని ఎవరైనా కానీ, లెక్కలు చూడటానికి, పేరు, రంగు, మైదానం లాంటివాటి మార్పుపై అదుపు పెట్టడానికి స్వతంత్ర నియంత్రణ సంస్థను 2025 చట్టంతో ఏర్పాటు చేసింది. 2021 ఏప్రిల్‌లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులు యూరోపియన్ సూపర్ లీగ్‌లో చేరుతున్నామని ప్రకటించి, అభిమానులు వీధుల్లోకి రావడంతో రెండు రోజుల్లో వెనక్కి తగ్గిన గొడవే దీనికి దారి తీసింది. దేవాదాయ శాఖ తరహా ఏర్పాటు ఇది. ఆ శాఖ మంచి చెడులు తెలిసిన తెలుగు పాఠకుడు దీనిపై అతి ఆశ పెట్టుకోకపోవచ్చు.

హైదరాబాద్ అనుభవం క్లుప్తంగానైనా ఇక్కడ చెప్పుకోదగ్గది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, దాని శిక్షకుడుగా మొదలై 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఈ నగరానికి పెద్ద వారసత్వమే మిగిల్చారు. 2019లో పుణె క్లబ్బు మూతపడి దాని స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లు తిరగకముందే జీతాలు అందక ఆటగాళ్లు విడిపోయారు. 2025లో యాజమాన్యం క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు మార్చింది. రహీమ్ కాలపు ధారకు, ఈ లైసెన్సుకు మధ్య ఊరి పేరు తప్ప ముడి పడలేదు. ముడి పడనిది ఎప్పుడైనా ఎత్తుకుపోదగ్గదే.

క్లబ్బు సంగతి ఇలా ఉంటే కుర్రాళ్ల సంగతి మరో చిక్కు. దీన్ని అర్థం చేసుకోవడానికి పద్దుల పుస్తకంలోకి వెళ్లాలి. క్లబ్బు ఒక ఆటగాణ్ణి ఐదేళ్ల ఒప్పందం మీద 5 కోట్ల పౌండ్లకు కొంటే, ఏటా కోటి చొప్పున ఖర్చు రాస్తుంది. రెండేళ్లయ్యాక పుస్తకంలో అతని విలువ 3 కోట్లు. మూడున్నర కోట్లకు అమ్మితే లాభం అర కోటి. అకాడమీలో పెరిగినవాణ్ణి ఎవరి దగ్గరా కొనలేదు కాబట్టి పుస్తకంలో అతని విలువ సున్నా. అతన్ని మూడున్నర కోట్లకు అమ్మితే మూడున్నర కోట్లూ లాభమే. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదన్న ప్రీమియర్ లీగ్ నిబంధన దీనికి తోడైంది. 2023-24 సీజన్లో ఎవర్టన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఈ నిబంధన కింద తమకున్న పరిమితి దాటి పాయింట్లు కోల్పోయాయి. ఆ దెబ్బతో 2024 జూన్ 30 లోపు, అంటే లెక్కల సంవత్సరం ముగిసేలోపు, చెల్సీ, ఆస్టన్ విల్లా, ఎవర్టన్, న్యూకాజిల్ లాంటి క్లబ్బులు కుర్రాళ్లను అటూ ఇటూ అమ్ముకున్నాయి. న్యూకాజిల్‌లో చిన్నప్పటి నుంచి పెరిగిన ఎలియట్ ఆండర్సన్ దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లకు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లాడు. ఆట బాగా లేదని కాదు, పద్దు సరిపోవాలని. మరుసటి ఏడాది అతను ఇంగ్లండ్ జట్టులో ఆడాడు.

క్లబ్బులు విచ్చలవిడిగా అప్పులు చేయకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధన, ధారను మోసుకొచ్చే కుర్రాణ్ణే అందరికంటే ముందు అమ్మకానికి పెట్టింది. మనిషిని లక్ష్యంగా కూడా చూడాలి తప్ప కేవలం సాధనంగా చూడరాదని 1785లో తత్వవేత్త కాంట్ రాసిన సూత్రానికి ఇంత శుభ్రమైన ఉల్లంఘన ఉద్యోగాల ప్రపంచంలో అరుదు. 'కేవలం' అన్న షరతు ఇక్కడ ముఖ్యం. జీతం ఇచ్చి గోల్స్ కోరడంలో తప్పు లేదు, ఏ యజమాని అయినా చేసేది అదే. కుర్రాడి కోరికా, ఎదుగుదలా, ఆట కూడా లెక్కలోకి రాకుండా, పుస్తకంలో అతని విలువ సున్నా కావడమే అతన్ని సాగనంపడానికి కారణమైనప్పుడు షరతు దాటినట్టే.

అభిమాని ఈ పాపంలో భాగస్వామి అని చెప్పడానికి ఇష్టపడడు. కాని యాజమాన్యం పద్దుల భాషను అతను ఎంత త్వరగా నేర్చుకున్నాడో వింటే తెలుస్తుంది. క్లబ్బు సరుకు కాదని గేటు బయట నినాదాలు చేసిన నోరే, లోపలికి వచ్చాక, ఫలానా కుర్రాణ్ణి ఇప్పుడే అమ్మితే మొత్తం లాభమే, ఆ డబ్బుతో స్ట్రైకర్ వస్తాడని లెక్క చెబుతుంది. 2024 మేలో మాంచెస్టర్ సిటీ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో యునైటెడ్‌కు రెండు గోల్స్ చేసిన గర్నాచో, మైనూ ఇద్దరూ 19 ఏళ్ల వాళ్లు, ఇద్దరూ క్లబ్బు యువజట్టులో ఎదిగినవాళ్లే. పదిహేను నెలలు గడిచేసరికి గర్నాచో దాదాపు 4 కోట్ల పౌండ్లకు చెల్సీకి వెళ్లాడు. కోచ్‌తో పొసగకపోవడమూ ఒక కారణమే. కానీ ఆ రోజు అతని పేరు పాడిన స్టాండ్లలో వాదన అతని ధర చుట్టూ నడిచినంతగా అతని చుట్టూ నడవలేదు.

ఫామ్ మీద తీర్పుల్లోనూ ఇలాంటి తొందరే కనిపిస్తుంది. పందొమ్మిదేళ్ల కుర్రాడి పది మ్యాచ్‌లు చూసి అతను ఏమవుతాడో చెప్పడం ప్రమాణశాస్త్రం ఒప్పుకోని నిర్ధారణ, ఎప్పుడూ నిలిచే సంబంధం (వ్యాప్తి) అక్కడ కుదరదు. శరీరం ఇంకా స్థిరపడలేదు, ఆడే చోటు మారుతుంటుంది, పక్కన ఆడేవాళ్లు బాగా లేకపోతే వాడూ బాగా కనిపించడు. 1976లో తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ లేవనెత్తిన అదృష్టం సమస్య ఇక్కడ పనికొస్తుంది: మన చేతిలో లేని వాటి వల్ల వచ్చిన ఫలితానికి మనల్ని మెచ్చుకోవడం, నిందించడం ఎంతవరకు న్యాయం? స్కాట్ మెక్‌టామినే ఐదో ఏట యునైటెడ్‌లో చేరి, అక్కడే పెద్దవాడై, చాలామంది అభిమానుల దృష్టిలో ఒక మోస్తరు ఆటగాడుగానే మిగిలాడు. 2024 ఆగస్టులో నాపోలీ వెళ్లాడు. ఆ సీజన్లోనే నాపోలీ ఇటలీ విజేత అయింది, లీగ్‌లో ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది. వేసవిలో మనిషి మారిపోలేదు. కోచ్, ఆడించిన చోటు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

సొంత కుర్రాడి మీద అభిమానం ఎంత ఎక్కువో కోపమూ అంతే. కొని తెచ్చినవాడు సరిగా ఆడకపోతే కొన్నవాళ్లను తిడతారు. ఇంటి కుర్రాడు ఆడకపోతే వాణ్ణే తిడతారు, ఎందుకంటే వాడు మనవాడు. 2021 జులైలో యూరో ఫైనల్ పెనాల్టీలు తప్పిన ఇంగ్లండ్ ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, 19 ఏళ్ల సాకాల మీద జాతి దూషణలు కురిశాయి. అది అభిమానం వికృతమైన చోటు. అందరినీ ఆ గాటన కట్టడం న్యాయం కాదు. ఆటగాణ్ణి విమర్శించకూడదనీ కాదు. వారానికి వేల పౌండ్లు తీసుకునేవాడు పరుగెత్తకపోతే అనే హక్కు టికెట్ కొన్నవాడికి ఉంది. ఆ మ్యాచ్‌లో చేసిన పని మీద చెప్పే తీర్పు వేరు, మనిషి మీద వేసే వెల వేరు. మొదటిది ధర్మకర్తను లెక్క అడిగే భక్తుడు చేసేది, రెండోది ధర్మకర్త చేస్తాడని భక్తుడు తప్పుపట్టేది.

క్లబ్బు ఆస్తి కాదన్న వాదన బలమంతా, క్లబ్బులో కొనుగోలుకు లొంగనిది ఏదో ఉందన్న నమ్మకంలో ఉంది. ఆ లొంగనిది అభిమానుల జ్ఞాపకంలో ఒక్కచోటే లేదు; సగం అకాడమీ మైదానాల్లో, ఎనిమిదేళ్లకు చేరి పదహారేళ్లకు వెనక్కి పంపబడే పిల్లల్లోనూ ఉంది. వాళ్లలో అత్యధికులు మొదటి జట్టు చొక్కా ఎప్పటికీ వేసుకోరు. వాళ్ల ఫామ్ గురించి ఎవరూ వాదించరు, వాళ్ల పేర్లు ఏ పద్దులోనూ లాభంగా తేలవు. 2021లో లండన్‌కు చెందిన క్రిస్టల్ ప్యాలెస్, తన అకాడమీ నుంచి వదిలేసిన యువకులకు ఆ తర్వాత మూడేళ్లపాటు చదువు, ఉద్యోగం, మానసిక స్థైర్యం విషయాల్లో తోడుండే కార్యక్రమం మొదలుపెట్టింది. అమ్మకానికి పనికిరాని కుర్రాడి పట్ల కూడా క్లబ్బుకు బాకీ ఉందని ఒప్పుకున్న ఏర్పాటు ఇది.